5 రోజుల పారిశ్రామిక సంబంధాల శిక్షణ: చార్జిషీటు నుంచి సెటిల్‌మెంట్ దాకా నా అనుభవం

శిక్షణ మొదలైన గంటకే మా చేతికి ఒక ఫిర్యాదు కాగితం వచ్చింది. ప్రెస్ షాపు (ప్రెస్ మెషీన్ల విభాగం) సూపర్‌వైజర్ రాసినట్టుగా తయారుచేసిన ఆరు వాక్యాల ఫిర్యాదు అది. రెండో షిఫ్టులో ఒక ఆపరేటర్ చెప్పిన పని చేయనన్నాడు, బూతులు తిట్టాడు, మెషీన్ ఆపేసి వెళ్లిపోయాడు. దీని మీద 40 నిమిషాల్లో చార్జిషీటు, అంటే కార్మికుడికి ఇచ్చే ఆరోపణ పత్రం, రాయమన్నారు. మేం 24 మందిమి. సగం మంది ప్రొడక్షన్, మెయింటెనెన్స్ మేనేజర్లు, మిగతా సగం హెచ్‌ఆర్ వాళ్లు. 24 చార్జిషీట్లూ గోడకు అంటించి ఒక్కొక్కటే చదివారు. లేబర్ కోర్టులో నిలబడేది అందులో ఒక్కటీ లేదు.

క్రమశిక్షణ కేసుల్లో యాజమాన్యాలు ఓడిపోయేది చాలాసార్లు కార్మికుడు తప్పు చేయనందుకు కాదు. చేసిన తప్పును కాగితం మీద సరిగా పెట్టనందుకు. తీర్పు చెప్పే మనిషి ఆ ఫ్యాక్టరీ మొహం చూసి ఉండడు. సూపర్‌వైజర్ మంచివాడా, ఆపరేటర్ గొడవ మనిషా అనేది ఆయనకు తెలియదు. ఘటన జరిగిన ఎన్నో ఏళ్లకు ఫైలు ఆయన ముందుకు వెళ్తుంది. అప్పటికి సాక్షుల్లో కొందరు రిటైరై ఉంటారు, కొందరు మానేసి ఉంటారు. ఫైల్లో ఉన్నదే జరిగినట్టు, లేనిది జరగనట్టే. మొదటి మూడు రోజులూ మాతో చేయించిన పనంతా దీని చుట్టూనే తిరిగింది.

ముందు చట్టం సంగతి క్లుప్తంగా. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం, 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం మూడింటినీ కలిపి చేసిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. స్టాండింగ్ ఆర్డర్స్, అంటే సంస్థలోని పని, క్రమశిక్షణ నియమాలు, ఇప్పుడు 300 మంది, అంతకు మించి ఉన్న సంస్థలకు వర్తిస్తాయి. పాత కేంద్ర చట్టంలో ఈ సంఖ్య 100. సూపర్‌వైజర్ హోదాలో ఉన్నవాళ్లు ‘వర్కర్’ నిర్వచనం కిందికి వచ్చే వేతన పరిమితి నెలకు 10,000 నుంచి 18,000 రూపాయలకు పెరిగింది. సెక్షన్ నంబర్లన్నీ మారాయి కాబట్టి పాత నోటీసు నమూనాలను కాపీ కొట్టి తేదీ మార్చి పంపే అలవాటు ఇప్పుడు ప్రమాదం. అయితే సహజ న్యాయ సూత్రాలు ఎక్కడికీ పోలేదు. ఆరోపణ ఏమిటో తెలియాలి, జవాబు చెప్పుకునే అవకాశం ఉండాలి, విచారించేవాడికి పక్షపాతం ఉండకూడదు. పాత తీర్పులు ఇప్పటికీ చదవాల్సినవి అందుకే.

ఇక ఆ చార్జిషీటు. ఎక్కువమంది రాసింది దాదాపు ఇలా ఉంది: “మీరు క్రమశిక్షణ లేకుండా ప్రవర్తించి, పై అధికారితో దురుసుగా మాట్లాడి, ఉత్పత్తికి నష్టం కలిగించారు.” ఇది చదివిన మనిషి దేనికి జవాబు చెప్పాలి? ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ అధికారితో, ఏ మాట, ఎంత ఉత్పత్తి? ఏదీ లేదు. అస్పష్టమైన ఆరోపణ మీద నడిపిన విచారణ మొత్తం అస్పష్టంగానే తేలుతుంది.

రెండో రకం తప్పు ఇంకా పెద్దది. “మీరు సూపర్‌వైజర్‌ను బూతులు తిట్టినట్టు రుజువైంది. మిమ్మల్ని ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో 48 గంటల్లో తెలపండి.” విచారణ మొదలు కాకముందే నేరం రుజువైపోయింది, శిక్ష కూడా ఖాయమైపోయింది. ఇలాంటి వాక్యం ఒక్కటి చాలు, ఆ తర్వాత ఎంత పద్ధతిగా విచారణ జరిపినా అది తంతేనని వాదించడానికి. చార్జిషీటులో “ఆరోపణ వచ్చింది”, “చేసినట్టు ఫిర్యాదు ఉంది” అన్న భాషే ఉండాలి. శిక్ష పేరు రాకూడదు.

మూడోసారి రాసినప్పుడు ఆ పేరా ఇలా తేలింది: “ఫలానా తేదీన మీరు రెండో షిఫ్టులో, అంటే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 వరకు, ప్రెస్ షాపులో 4వ నంబరు ప్రెస్సు మీద డ్యూటీలో ఉన్నారు. సాయంత్రం సుమారు 5.40కి షిఫ్టు సూపర్‌వైజర్ మిమ్మల్ని 6వ నంబరు ప్రెస్సు మీద డై మార్చడంలో సాయం చేయమన్నారు. మీరు నిరాకరించి, ఆయన్ను ఉద్దేశించి ఈ కింది మాటలు అన్నట్టు ఆరోపణ.” ఆ కింద, అన్న మాట అన్నట్టుగానే. ఆ తర్వాత మెషీన్ ఆపిన సమయం, గేటు దాటిన సమయం, షిఫ్టు లాగ్ బుక్ ప్రకారం ఆ ప్రెస్సు ఎంతసేపు ఆగింది, ఎన్ని పీసులు తగ్గాయి. చివర్లో, ఇది స్టాండింగ్ ఆర్డర్స్‌లో ఏ క్లాజు, ఏ ఉపక్లాజు కింద దుష్ప్రవర్తన అవుతుందో.

అన్న మాట అన్నట్టుగా రాయడం దగ్గర అందరికీ చెయ్యి ఆగింది. బూతు మాటను కంపెనీ లెటర్‌హెడ్ మీద ఎలా రాస్తామని “అసభ్య పదజాలం” అని సర్దేశారు. కానీ అసభ్యమా కాదా తేల్చాల్సింది విచారణ. ఆ మాట ఏమిటో కాగితం మీద లేకపోతే సాక్షి ఒకటి చెప్తాడు, సూపర్‌వైజర్ ఇంకోటి చెప్తాడు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండూ పొసగవు. తెలుగులో తిట్టినదాన్ని తెలుగులోనే రాయాలి. ఇంగ్లీషులోకి మారిస్తే పదును పోతుంది, ఒక్కోసారి అర్థమే మారిపోతుంది.

ఇంకో మూడు సంగతులు అప్పుడే పట్టుకోవాలి. గతంలో ఇచ్చిన వార్నింగులను శిక్ష నిర్ణయించేటప్పుడు లెక్కలోకి తీసుకోదలిస్తే ఆ విషయం కార్మికుడికి ముందే తెలియాలి. చార్జిషీటులోనో, శిక్షపై ఇచ్చే షోకాజ్ నోటీసులోనో తేదీలతో రాయాలి. ఎక్కడా చెప్పకుండా చివరి ఆర్డర్లో పాత చిట్టా విప్పితే చెల్లదు. రెండోది, ఒకే ఘటనలో మూడు తప్పులుంటే మూడు ఆరోపణలుగా విడగొట్టాలి. కలిపి రాస్తే ఒకటి వీగినప్పుడు మిగతా రెండూ దాంతోపాటే కొట్టుకుపోతాయి. మూడోది భాష. కార్మికుడు చదవగలిగే భాషలో చార్జిషీటు ఉండాలి. ఒడియానో హిందీనో తప్ప చదవలేని మనిషికి ఇంగ్లీషు చార్జిషీటు ఇచ్చి సంతకం తీసుకుంటే, తనకు అర్థం కాలేదని అతను తర్వాత అనే మాటకు మన దగ్గర జవాబుండదు.

కాగితం చేతికివ్వడానికీ ఒక పద్ధతి ఉంది. తీసుకోనంటే ఇద్దరు సాక్షుల ముందు అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, నిరాకరించాడని అక్కడికక్కడే కాగితం మీద రాసి, సాక్షుల సంతకాలు, సమయం వేయించాలి. అదే రోజు చివరిగా తెలిసిన చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, నోటీసు బోర్డు మీద పెట్టాలి. అప్పటికీ అందకపోతే స్థానిక భాషా పత్రికలో ప్రకటన ఇవ్వాలి. వెనక్కి వచ్చిన కవరును తెరవకూడదు. పోస్ట్‌మాన్ రాసిన మాట, ముద్ర కనిపించేలా అలాగే ఫైల్లో ఉంచాలి. లోపల ఏముందో చూద్దామని కత్తిరించిన కవరుకు సాక్ష్యంగా విలువ ఉండదు.

సస్పెన్షన్ గురించి మేనేజర్లలో ఉన్న అపోహలు తీరడానికి ఒక పూట పట్టింది. విచారణ పెండింగ్‌లో ఉన్నప్పటి సస్పెన్షన్ శిక్ష కాదు. సాక్షులను బెదిరిస్తాడనో, రికార్డులు మారుస్తాడనో, షాపులో గొడవ ముదురుతుందనో భయం ఉంటేనే వాడాలి. మొదటి 90 రోజులు వేతనంలో 50 శాతం జీవన భృతి ఇవ్వాలి. ఆ పైన ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే 75 శాతం. ఇది పాత చట్టంలోనూ ఉంది. కొత్త కోడ్ దీనికి ఒక గడువు కూడా చేర్చింది. సస్పెండ్ చేసిన తేదీ నుంచి మామూలుగా 90 రోజుల్లోపు విచారణ పూర్తి చేయాలి. సస్పెండ్ చేసి నెలన్నర తర్వాత చార్జిషీటు ఇచ్చే సంస్థలకు ఈ గడువు పెద్ద చిక్కు. భృతి ఆపేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. తిండికే లేనివాడు విచారణకు ఎలా వస్తాడన్న ప్రశ్న మీదే ఎక్స్ పార్టీ విచారణలు, అంటే కార్మికుడు లేకుండా నడిపినవి, వీగిపోతాయి.

రెండో రోజు, మూడో రోజు మాక్ ఎంక్వైరీ, అంటే అభ్యాసం కోసం నడిపే ఉత్తుత్తి విచారణ. ఆరుగురి చొప్పున నాలుగు బృందాలు. ఎంక్వైరీ ఆఫీసర్, మేనేజ్‌మెంట్ ప్రతినిధి, ఆరోపణ ఎదుర్కొంటున్న కార్మికుడు, అతని తరఫున మాట్లాడే తోటి కార్మికుడు, ఇద్దరు సాక్షులు. ప్రతి పూటా పాత్రలు మారతాయి. ప్రతి ఒక్కరూ ఒక్కసారైనా కార్మికుడి వైపు కూర్చునేలా చూశారు. శిక్షణ మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన ఏర్పాటు ఇదే. బల్లకు అటువైపు కూర్చుంటే తప్ప, ఎంక్వైరీ ఆఫీసరూ మేనేజ్‌మెంట్ ప్రతినిధీ కలిసి ఒకే తలుపులోంచి నవ్వుకుంటూ లోపలికి రావడం ఎలా కనిపిస్తుందో తెలియదు.

విచారణ వరుస తప్పకూడదు. తేదీ, హాజరైనవాళ్ల పేర్లు రాయాలి. ఆరోపణలు చదివి వివరించాలి. ఒప్పుకుంటున్నారా లేదా అని అడగాలి. తోటి కార్మికుడి సాయం తీసుకోవచ్చని చెప్పాలి, చెప్పినట్టు రాయాలి. ముందు మేనేజ్‌మెంట్ సాక్షులు, ప్రతి సాక్షి తర్వాత కార్మికుడి క్రాస్ ఎగ్జామినేషన్. ఆ తర్వాతే కార్మికుడి వాంగ్మూలం, అతని సాక్షులు. మా నాలుగు బృందాల్లో మూడు మొదటి పూటే ఈ వరుస తప్పాయి. ఆఫీసర్ పాత్రలో ఉన్నవాళ్లు ముందుగా కార్మికుణ్ని పట్టుకుని “అసలేం జరిగిందో చెప్పు” అన్నారు. ఇంట్లో పిల్లల తగాదా తీర్చినట్టు సహజంగా వచ్చే ప్రశ్న అది. కానీ ఆరోపణ చేసినవాళ్లు రుజువు చేయాలి తప్ప, ఆరోపణ పడ్డవాడు తన నోటితో తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకూడదు. ఇలా మొదలైన విచారణను కోర్టులు అన్యాయమని తేల్చాయి.

‘ఒప్పుకోవడం’ విషయంలోనూ తరచూ దెబ్బ తింటారు. “తప్పయిపోయింది సార్, ఈసారికి వదిలేయండి” అన్న మాట ఆరోపణ ఒప్పుకున్నట్టు కాదు. బతిమాలినట్టు. ఏ ఆరోపణను, ఏ వివరాలతో, షరతు లేకుండా ఒప్పుకుంటున్నాడో అతని మాటల్లో రాసుకోవాలి. సందేహం ఉంటే సాక్షులను పిలిచి విచారణ కొనసాగించడమే మేలు. రాకుండా ఉండిపోయిన కార్మికుడి విషయంలోనూ అంతే. ఎక్స్ పార్టీ అంటే రానందుకు నేరస్తుడని కాదు. అతను లేకపోయినా సాక్షులు వచ్చి చెప్పాలి, పత్రాలు దాఖలు కావాలి. తర్వాతి సిట్టింగుకు మళ్లీ నోటీసు పంపాలి. మధ్యలో వస్తే ఆ దశ నుంచి చేర్చుకోవాలి.

ప్రాథమిక దర్యాప్తులో తీసుకున్న వాంగ్మూలాల సంగతి ఇంకోటి. ఘటన జరిగిన రోజు రాత్రి సెక్యూరిటీ ఆఫీసర్ నలుగురి దగ్గర రాయించుకున్న కాగితాలు చేతిలో ఉన్నాయి కదా అని వాటినే విచారణలో దాఖలు చేస్తారు, ఆ నలుగురిని పిలవరు. కాగితాన్ని క్రాస్ ఎగ్జామినేషన్ చేయలేం. రాసినవాడు వచ్చి కూర్చోవాలి, ఆ వాంగ్మూలం కాపీ కార్మికుడికి ముందే అంది ఉండాలి. అలాగని క్రిమినల్ కోర్టు స్థాయి రుజువు అక్కర్లేదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని సహేతుకంగా తేలితే చాలు, సాక్ష్య చట్టం అక్షరాలా వర్తించదు. 1977లో హర్యానా బస్సు కండక్టర్ కేసులో ప్రయాణికులను విచారించలేదన్న అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. తనిఖీ చేసిన ఇన్‌స్పెక్టర్ సాక్ష్యం నమ్మదగినదైతే సరిపోతుందంది. ఈ తీర్పు మేనేజర్లకు బాగా నచ్చుతుంది, దాన్నే పట్టుకుని సాక్షుల సంఖ్య తగ్గించాలని చూస్తారు. అక్కడ తనిఖీ అధికారి స్వయంగా చూసినది చెప్పాడని గుర్తుంచుకోవాలి. ఎవరో చెప్తే విన్నానన్న సూపర్‌వైజర్‌కు ఆ బలం రాదు.

లాయర్‌ను పెట్టుకుంటానని కార్మికుడు అడిగితే? అది హక్కు కాదు. అయితే బొంబాయి పోర్టు ట్రస్టు కేసులో తేలిన సూత్రం మర్చిపోకూడదు. మేనేజ్‌మెంట్ తన తరఫున చట్టం చదివిన మనిషిని కూర్చోబెడితే, కార్మికుడికీ ఆ అవకాశం ఇవ్వాలి. లా డిగ్రీ ఉన్న హెచ్‌ఆర్ ఆఫీసర్‌ను ప్రతినిధిగా పంపేముందు ఈ ఒక్కటి ఆలోచించుకోవాలి.

ప్రొసీడింగ్స్ రాయడం ఒక నైపుణ్యం. ప్రశ్న, జవాబు అన్న మాటల్లోనే రాయాలి. “సాక్షి ఆరోపణను సమర్థించారు” అని రాస్తే అది ఆఫీసర్ అభిప్రాయం అవుతుంది, సాక్ష్యం కాదు. సాక్షి వేలితో చూపిస్తే “4వ ప్రెస్సు వైపు చూపించారు” అని రాయాలి. ప్రతి పేజీ కింద హాజరైన అందరి సంతకం, తేదీ. కొట్టివేత ఉంటే పక్కన అందరి పొట్టి సంతకాలు. సంతకం పెట్టనంటే పెట్టనన్నాడని, కారణం చెప్తే ఆ కారణం. ఆ రోజు కాపీ ఆ రోజే చేతికివ్వాలి, తీసుకున్నట్టు సంతకం ఉండాలి. వాయిదా అడిగితే ఎందుకు ఇచ్చారో, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదో ఒక వాక్యం. మూడు గంటల సిట్టింగుకు చేతిరాతలో 10, 12 పేజీలు వచ్చాయి. టైపిస్టు పక్కన ఉంటే త్వరగా అవుతుంది. కానీ టైపు చేసింది చదివి వినిపించాకే సంతకాలు పెట్టించాలి.

విచారణ నివేదికలో ఒక్కో ఆరోపణకు విడివిడిగా తీర్మానం, దానికి కారణం ఉండాలి. ఇద్దరు సాక్షులు ఒకలా, ఒకరు మరోలా చెప్తే ఎవరిని ఎందుకు నమ్మారో రాయాలి. “రికార్డులన్నీ పరిశీలించిన మీదట ఆరోపణలు రుజువైనవి” అన్న ఒకే వాక్యపు నివేదికకు విలువ లేదు. శిక్ష సిఫారసు చేయడం ఎంక్వైరీ ఆఫీసర్ పని కాదు. నివేదిక అందాక యాజమాన్యం తొందరపడి ఆర్డర్ ఇవ్వకూడదు. 1993లో ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ విషయం తేల్చింది. క్రమశిక్షణ అధికారి నిర్ణయం తీసుకోకముందే నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి, దానిపై చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఆ తీర్పు వచ్చి 30 ఏళ్లు దాటినా, డిస్మిసల్ ఆర్డరూ నివేదికా ఒకే కవర్లో పంపే సంస్థలు ఇంకా ఉన్నాయి.

శిక్ష దగ్గర తూకం కావాలి. తప్పు తీవ్రత, గత రికార్డు, తగ్గించదగ్గ లేదా పెంచదగ్గ పరిస్థితులు ఈ మూడూ ఆలోచించినట్టు ఆర్డర్లో కనిపించాలి. 1947 చట్టంలోకి 1971 సవరణతో వచ్చిన 11ఎ సెక్షన్, కొత్త కోడ్‌లో సెక్షన్ 50, శిక్ష ఎక్కువైందనుకుంటే తగ్గించే అధికారాన్ని పారిశ్రామిక వివాదాలు తేల్చే ట్రైబ్యునల్‌కు ఇస్తోంది. అదే రకం తప్పు చేసిన ఇద్దరిలో ఒకరికి వార్నింగు, ఇంకొకరికి డిస్మిసల్ ఇచ్చిన ఫైళ్లు ట్రైబ్యునల్ దగ్గర వెంటనే బయటపడతాయి.

ఆర్డర్ ఇచ్చే రోజుకు సంబంధించిన ఒక మెట్టును చాలామంది హెచ్‌ఆర్ వాళ్లు దాటేస్తారు. అప్పటికే ఏదైనా వివాదం కన్సిలియేషన్‌లోనో (ప్రభుత్వ అధికారి రాజీ కుదిర్చే ప్రక్రియ) ట్రైబ్యునల్‌లోనో పెండింగ్‌లో ఉంటే, దానితో సంబంధం లేని తప్పుకు డిస్మిస్ చేసినా సరే, నెల వేతనం చెల్లించి, ఆ చర్యకు ఆమోదం కోరుతూ ఆ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టాలి. పాత చట్టంలో సెక్షన్ 33(2)(బి), కొత్త కోడ్‌లో సెక్షన్ 90. ఆర్డరు, చెల్లింపు, దరఖాస్తు మూడూ ఒకే వ్యవహారంలో భాగంగా జరగాలి. ఆ తప్పుకు పెండింగ్ వివాదంతో సంబంధం ఉంటే ముందస్తు అనుమతే కావాలి. దరఖాస్తు పెట్టకపోతే ఆ డిస్మిసల్ చెల్లదని 2002లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. జీతాల సవరణ వివాదం ఏళ్ల తరబడి నడుస్తున్న ఫ్యాక్టరీల్లో ఏదో ఒకటి ఎప్పుడూ పెండింగ్‌లోనే ఉంటుంది. అందుకే ఆర్డర్ టైపు చేసేముందు పెండింగ్ కేసుల పట్టిక తెప్పించుకుని చూడాలని చెప్పారు.

నాలుగో రోజు ఉదయం ఫిర్యాదుల పరిష్కార కమిటీ, సమ్మె నిబంధనలు. 20 మంది, ఆ పైన ఉన్నచోట కమిటీ ఉండాలి, ఇరుపక్షాల నుంచి సమానంగా, మొత్తం 10కి మించకుండా. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో తేల్చాలి. సమ్మెకు 14 రోజుల నోటీసు ఇప్పుడు అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తిస్తుంది, ఇదివరకు ప్రజా ప్రయోజన సేవలకే ఉండేది. సగం మంది, అంతకు మించి ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. మస్టర్ రోల్‌లో (కార్మికుల హాజరు పట్టిక) 51 శాతం మద్దతున్న సంఘమే చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి ఒకరి చొప్పున ప్రతినిధులతో మండలి. ఇవన్నీ చదివితే తెలిసేవే.

చదివితే రానిది వేతన ఒప్పందం లెక్క. నాలుగో రోజు మధ్యాహ్నం అంతా దానికే పోయింది. 400 మంది ఉన్న యూనిట్, సంఘం మూల వేతనంలో నెలకు 1,000 రూపాయలు పెంచమంటోంది. ప్రొడక్షన్ మేనేజర్లు వెంటనే 48 లక్షలు అన్నారు. 1,000ని 400తో, 12తో గుణిస్తే అంతే. కానీ యాజమాన్యం పీఎఫ్ వాటా 12 శాతం, అంటే 120. ఈఎస్ఐ వాటా 3.25 శాతం, అంటే 32.50. గ్రాట్యుటీకి ఏటా 15 రోజుల వేతనం, నెలకు 26 రోజుల లెక్కన 4.81 శాతం, దాదాపు 48. అప్పటికే 1,000 కాస్తా 1,200 అయింది. ఏడాదికి దాదాపు 57.6 లక్షలు. ఓవర్‌టైము రెట్టింపు రేటు మీద, లీవు నగదు మీద ప్రభావం దీనిలో లేదు. పీఎఫ్‌ను 15,000 పరిమితి మీదే కడుతున్న సంస్థలో ఆ భాగం తగ్గవచ్చు. కాబట్టి తమ సంస్థ పద్ధతి తెలుసుకుని వేయాల్సిన లెక్క ఇది.

దీనికన్నా పెద్ద సంఖ్య వెనక దాగి ఉంటుంది. గ్రాట్యుటీ చివరి వేతనం మీద, మొత్తం సర్వీసుకు లెక్క కడతారు. ఇవాళ 1,000 పెరిగితే 20 ఏళ్ల సర్వీసున్న మనిషికి ఆ పెంపు వల్లే గ్రాట్యుటీ భారం ఒకేసారి 11,538 రూపాయలు పెరుగుతుంది. సగటు సర్వీసు 12 ఏళ్లనుకుంటే 400 మందికి కలిపి దాదాపు 27.7 లక్షలు, మొదటి ఏడాదే పుస్తకాల్లో చూపాలి. చర్చలకు వెళ్లేముందు ఈ సంఖ్య ఫైనాన్స్ వాళ్లతో కూర్చుని తేల్చుకోకపోతే, ఒప్పుకుని వచ్చాక పైవాళ్లు ఒప్పుకోరు. అప్పుడు మాట తప్పినట్టవుతుంది. ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు, ఏళ్ల పాటు పోదు. మూల వేతనం బదులు అలవెన్సుల్లో పెడదామనే పాత ఉపాయం కూడా ఇప్పుడు పూర్తిగా పారదు. కొత్త వేతన నిర్వచనం ప్రకారం మినహాయింపులు మొత్తం పారితోషికంలో సగం దాటితే, దాటిన భాగం వేతనంలో కలుస్తుంది.

కార్మికుల వైపు నుంచి చూడాల్సిన అంకె కూడా ఒకటి ఉంది. ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000. పెంపుతో 21,300కి చేరిన మనిషి, నడుస్తున్న చందా కాలం ముగిశాక ఈఎస్ఐ నుంచి బయటికి వెళ్తాడు. చందా కాలాలు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. 300 రూపాయలు ఎక్కువ వచ్చి కుటుంబం మొత్తానికి వైద్యం పోతుంది. ఇలాంటివాళ్లు ఎందరున్నారో ముందే లెక్కపెట్టి, వాళ్లకు గ్రూపు మెడికల్ పాలసీ సంగతి ఒప్పందంలోనే రాసుకోవాలి. సంఘం అడగలేదని వదిలేయడం నాకు న్యాయంగా అనిపించదు. ఆర్నెల్ల తర్వాత ఆసుపత్రి బిల్లుతో ఎవరో ఒకరు గేటు దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పందం మీద నమ్మకం పోయేది ఇరుపక్షాలకూ.

ఐదో రోజు చర్చల అభ్యాసం. వి.వి. గిరి ప్రస్తావన ఇక్కడే వచ్చింది. రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేసి కేంద్ర కార్మిక మంత్రి అయిన మనిషి. తప్పనిసరి న్యాయనిర్ణయం కన్నా ఇరుపక్షాలు కూర్చుని తేల్చుకోవడమే మేలని గట్టిగా నమ్మారు. బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చినందుకు 1954లో రాజీనామా చేశారు. ఆ నమ్మకం ఎందుకు కష్టమైనదో బల్ల దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. మా బృందాల్లో ఎక్కువ చర్చలు అంకెల మీద ఆగిపోలేదు. ముందు మాట్లాడిన మేనేజర్ అధికారం లేకుండా హామీ ఇవ్వడం వల్ల, ఒకే పక్షంలో ఇద్దరు రెండు మాటలు చెప్పడం వల్ల ఆగిపోయాయి. మాట్లాడేది ఒక్కరే ఉండాలి, రాసుకునేది ఇంకొకరు. సందేహం వస్తే బయటికి వెళ్లి మాట్లాడుకుని రావాలి. ఒక అంశం తేలిన వెంటనే రెండు వాక్యాల్లో రాసి ఇరుపక్షాల పొట్టి సంతకాలు తీసుకోవాలి, “మిగతావి తేలితేనే ఇదీ వర్తిస్తుంది” అన్న షరతుతో.

ఒప్పందాన్ని కన్సిలియేషన్ అధికారి ముందు చేసుకోవడానికీ, నేరుగా చేసుకోవడానికీ తేడా పెద్దది. మొదటిది, 1947 చట్టంలోని సెక్షన్ 12(3) పేరుతో ఇప్పటికీ అందరూ పన్నెండు-మూడు సెటిల్‌మెంట్ అనే పిలిచేది, సంస్థలోని కార్మికులందరినీ కట్టిపడేస్తుంది, తర్వాత చేరేవాళ్లను కూడా. నేరుగా చేసుకున్నది సంతకం పెట్టిన పక్షాలనే. మూడు సంఘాలున్న చోట ఒక్కదానితో నేరుగా సంతకాలు చేసుకుని పని అయిపోయిందనుకుంటే, నెల తిరక్కుండా రెండో సంఘం డిమాండ్ల పత్రం ఇస్తుంది. అమలు తేదీ, గడువు స్పష్టంగా రాయాలి. గడువు రాయకపోతే 6 నెలలే.

ఆఖరి అభ్యాసం ఒక్క వాక్యం మీద. “ప్రస్తుతం అమల్లో ఉన్న సౌకర్యాలు యథాతథంగా కొనసాగుతాయి.” దాదాపు ప్రతి ఒప్పందంలోనూ ఉండే క్లాజు. దీన్ని యాజమాన్యం పక్షం సంఘం పక్షానికి ఇచ్చి, మీకేం అర్థమైందో చెప్పమన్నారు. షిఫ్టు ముగిసే ముందు చేతులు కడుక్కోవడానికి ఇచ్చే 10 నిమిషాలు అందులో ఉన్నాయన్నారు. మేనేజర్లు అది సౌకర్యం కాదు, సూపర్‌వైజర్ దయ అన్నారు. పండుగ అడ్వాన్సు, రాత్రి షిఫ్టు టీ, బస్సు ఆలస్యమైతే ఇచ్చే 15 నిమిషాల మినహాయింపు, ఒక్కోదానికి ఒక్కో అర్థం. గంటన్నర కూర్చుని ఆ ఒక్క వాక్యాన్ని 11 అంశాల అనుబంధంగా మార్చాం. ఎవరికి, ఎంత, ఎప్పుడు, ఎవరి అనుమతితో అన్నది ఒక్కోదాని ఎదురుగా రాశాం. చేతులు కడుక్కునే 10 నిమిషాలు 3వ అంశంగా చేరాయి, మెషీన్ ఎన్ని గంటలకు ఆపాలో సహా. ఆ అనుబంధానికి పేజీ పేజీకీ ఇరువైపులా సంతకాలు పడ్డాక తరగతి ముగిసింది.